'కల్ప్యో హరో రూపమహారరాశేః' : ఇక్కడ రూపం అంటే ఏమిటి?

ప్రశ్న:

భాస్కరాచార్యుల లీలావతి (క్రీ.శ. 1150) లో భిన్నాల కూడికకూ తీసివేతకూ కలిపి చెప్పిన అర్ధశ్లోకం ఇది.

యోగోఽన్తరం తుల్యహరాంశకానాం
కల్ప్యో హరో రూపమహారరాశేః

మొదటి పాదం అర్థమవుతోంది. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. 'రూపం' అంటే ఆకారమా? చివరి మాట చెవికి 'ఆహారరాశి' అని వినిపిస్తోంది. ఇది ధాన్యపు రాశుల లెక్కా? పదవిభాగం చేసి చెప్పగలరు.

జవాబు:

యోగః + అంతరం అన్నచోట విసర్గ ఓకారమై, తర్వాతి అకారం అందులో కలిసిపోయింది. అవగ్రహ చిహ్నం అందుకే. యోగం అంటే కూడిక, అంతరం అంటే తేడా, అంటే తీసివేత. తుల్య-హర-అంశకానాం: సమానమైన హారం ఉన్న అంశలకు. ఇవాళ మన బడి పుస్తకాల్లో 'లవం' అనేదే ఇక్కడి 'అంశ'. హారాలు సమానమైతే లవాలను కూడవచ్చు, తీసేయవచ్చు అని మొదటి పాదం భావం.

రెండో పాదం: కల్ప్యః, హరః, రూపమ్, అ-హార-రాశేః. ఇది అహారరాశి, హ్రస్వ అకారం. హారం లేని రాశి, అంటే పూర్ణాంకం. భోజనంతో సంబంధం లేదు. 'రూపం' గణితంలో ఒకటి. భూతసంఖ్యల్లో (అంకెలను మాటలతో సూచించే పద్ధతిలో) కూడా రూపం అంటే 1 అనే లెక్క. కాబట్టి 'హారం లేని రాశికి ఒకటిని హారంగా కల్పించుకోవాలి' అని అన్వయం. 3 ను 3/1 గా రాసుకోమంటున్నాడు, అంతే.

చేర్పు (ఛందస్సు):

హ్రస్వమని ఛందస్సే తేలుస్తుంది. ఇది ఇంద్రవజ్ర: త, త, జ గణాలు, పైన రెండు గురువులు. 'కల్ప్యో హరో రూపమహారరాశేః' లో ఏడో అక్షరం 'మ'. జగణంలో మొదటి అక్షరం కాబట్టి అది లఘువు కావాలి. 'రూపమాహార' అని దీర్ఘం తీస్తే అక్కడ గురువు పడి పాదం విరిగిపోతుంది. అర్థం తెలియకపోయినా గణాలు కట్టి చూస్తే పాఠం తేలేది.

అడిగినవారు:

ధన్యవాదాలండీ. ఇంకొక్క సందేహం. 3 లోంచి 2/5 తీయాలంటే ఎలాగూ హారం 5 చేయాలి. అలాంటప్పుడు 'అవతలి హారమే కల్పించు' అనకుండా ఒకటి అనడం ఎందుకు? ఒక మెట్టు కలిసొచ్చేది కదా?

జవాబు:

ఆ మెట్టు దాటితే లెక్క తప్పుతుంది. 3 కింద నేరుగా 5 పెడితే 3/5 అవుతుంది. అది మూడు కాదు, ఒకటికన్నా తక్కువ. అందులోంచి 2/5 పోతే 1/5 వస్తుంది. పిల్లల నోటుపుస్తకాల్లో '3 − 2/5 = 1/5' అని కనిపించే తప్పుకు మూలం ఇదే: పూర్ణాంకాన్ని లవంగా తీసుకుని, పక్కనున్న హారాన్ని దానికీ తగిలించడం.

ఒకటి పెడితే రాశి విలువ మారదు. 3/1 మూడే. ఆ తర్వాత హారాలు సమానం చేయడానికి వేరే సూత్రం ముందే చెప్పి ఉంచాడు: 'అన్యోన్యహారాభిహతౌ హరాంశౌ', ఒకదాని హారంతో రెండోదాని హారాన్నీ అంశనూ గుణించు. 3/1 ను పైనా కిందా 5తో గుణిస్తే 15/5. 2/5 ను 1తో గుణిస్తే మారదు. 15/5 − 2/5 = 13/5, అంటే 2 3/5. సూత్రం రెండు భిన్నాలకు చెప్పింది. పూర్ణాంకాన్ని కూడా భిన్నంలా నిలబెడితే అదే సూత్రం దానికీ సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు. ఈ పాదంలో నాకు అన్నిటికన్నా విలువైన మాట 'కల్ప్యః'. హారం అక్కడ లేదు, మనమే పెట్టుకోవాలి అని గుర్తుచేస్తుంది.

పాత రాతల్లో అంశ పైన, హారం కింద ఉండేవి, మధ్య గీత ఉండేది కాదు. పూర్ణాంకం కింద నిజంగానే 1 వేసేవారు. అందువల్ల 'కల్ప్యః' అలంకారం కాదు, చేతితో చేసే పని.

మరొకరు:

రూపం అంటే 1 అనడం పూర్తిగా కుదురుతుందా? అదే గ్రంథంలో 'ఛేదఘ్నరూపేషు లవా ధనర్ణమ్' అని ఉంది. అక్కడ 'రూపేషు' బహువచనం. ఒకటికి బహువచనం ఏమిటి?

జవాబు:

మంచి పట్టు. ఏకవచనంలో ఒకటి, బహువచనంలో ఒకట్లు. మూడు ఒకట్లు ఉంటే అది మూడు అనే పూర్ణాంకం. ఆ వాక్యానికి అర్థం: పూర్ణాంకాన్ని ఛేదంతో (హారంతో) గుణించి, అందులో లవాన్ని కలపాలి లేదా తీసేయాలి. ఒకటిలో భాగం అదనంగా ఉంటే ధనం, తక్కువగా ఉంటే ఋణం. ఇక్కడ 'లవ' మన బడి భాషలో ఉన్న అర్థంలోనే వచ్చింది. కానీ 'త్రిలవ' అన్న సమాసంలో లవం అంటే వట్టి 'భాగం', మూడో వంతు. మాట ఒకటే కదా అని అన్నిచోట్లా 'న్యూమరేటర్' అని అనువదిస్తే పొరపాటే.

ఆ సూత్రానికి ఇచ్చిన ఉదాహరణ తెలుగువాళ్ళకు బాగా దగ్గరగా ఉంటుంది: 'సాంఘ్రిద్వయం త్రయం వ్యంఘ్రి'. అంఘ్రి అంటే పాదం, కాలు. నాలుగు కాళ్ళలో ఒకటి కాబట్టి నాలుగో వంతు. స + అంఘ్రి: పావుతో కూడినది. వి + అంఘ్రి: పావు లేనిది. 'సాంఘ్రిద్వయం' మన రెండుంబావు. 'త్రయం వ్యంఘ్రి' మాటకు మాట 'పావు తక్కువ మూడు'. లెక్క: 2×4 + 1 = 9, కాబట్టి 9/4. 3×4 − 1 = 11, కాబట్టి 11/4.

చేర్పు:

మన పావు కూడా 'పాదం' నుంచి వచ్చిందే. అచ్చతెలుగులో 'కాలు' అన్నా నాలుగో వంతే, 'ముక్కాలు' అంటే మూడు వంతులు. సంస్కృతంలో పాదం, అంఘ్రి; తెలుగులో కాలు. అన్నీ శరీరంలోని అవయవాలే! హిందీ, ఉర్దూల్లోని 'పౌనే' కూడా పాద + ఊన (పావు తక్కువ) నుంచే. హైదరాబాదులో 'పౌనే తీన్' అన్నా, తెలుగులో 'పావు తక్కువ మూడు' అన్నా చేసేది పూర్ణాంకంలోంచి భిన్నం తీసివేతే.

అయితే 'రెండూముప్పావు' అన్నప్పుడు అదే విలువను కూడికగా చెబుతున్నాం. తెలుగులో రెండూ ఉన్నాయి. గడియారం దగ్గర 'పావు తక్కువ', కొలతల దగ్గర 'ముప్పావు' ఎక్కువగా వినిపిస్తాయి.

అడిగినవారు:

పెద్ద పూర్ణాంకంలోంచి మిశ్రమ భిన్నం తీయాలంటే ఈ దారిలోనే వెళ్ళాలా? 7 − 2 3/5 లాంటివి.

జవాబు:

రెండు దారులున్నాయి. మొదటిది పైన చెప్పినదే: 7/1 ను 35/5 చేసి, 2 3/5 ను 13/5 చేసి, తీస్తే 22/5, అంటే 4 2/5. సంఖ్యలు పెద్దవైతే గుణకారాలు బరువవుతాయి. అప్పుడు అప్పు తెచ్చుకోవడం మేలు: 7 ను 6 5/5 గా విడదీసి, 6 − 2 = 4, 5/5 − 3/5 = 2/5.

ఇక్కడ తరచూ జరిగే తప్పు 5 3/5 అని రాయడం. 7 లోంచి 2 తీసి, 3/5 ను అలాగే పక్కన దించేస్తారు. తీయాల్సిన 3/5 ను తీయకపోగా కలిపారు కాబట్టి తేడా దానికి రెట్టింపు, 6/5 వస్తుంది. జవాబుకు 2 3/5 కలిపి చూస్తే దొరికిపోతుంది: 5 3/5 + 2 3/5 = 8 1/5, ఏడు కాదు.

ఇంకో తప్పు అప్పు తెచ్చేటప్పుడు. 6 1/8 − 2 5/8 లో 1 లోంచి 5 పోదు కాబట్టి 6 నుంచి ఒకటి తెస్తారు. మామూలు తీసివేత అలవాటుతో దాన్ని పది అనుకుని 11/8 రాస్తారు. తెచ్చింది ఒక నిండు. ఎనిమిదో వంతుల్లో అది ఎనిమిది ముక్కలు. 5 9/8 − 2 5/8 = 3 4/8 = 3 1/2. అప్పు విలువను ఎప్పుడూ హారమే నిర్ణయిస్తుంది.

మరొకరు:

అణాల లెక్కలో ఈ తప్పు పడేది కాదు. 1957 ఏప్రిల్ 1 న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారు అణాలు. మూడు రూపాయల్లోంచి రూపాయి ఏడణాలు పోవాలంటే ఒక రూపాయిని విడగొట్టి పదహారు అణాలు చేసుకోవాలి. 16 − 7 = 9, మిగిలింది రూపాయి తొమ్మిదణాలు. 3 − 1 7/16 = 1 9/16 అని ఇప్పుడు రాస్తాం. 'పదహారణాల తెలుగు' అనే మాటలో ఆ నిండు ఒకటి ఇంకా నిలిచే ఉంది.

అంతకుముందటి తెలుగు భిన్నాంకెలు నాలుగు నాలుగుగా నడిచేవి. పావులకు నిలువు గీతలు, వీసాలకు (1/16) అడ్డగీతలు. పై స్థానం నుంచి ఒకటి తెస్తే కింద నాలుగు. 2008లో యూనికోడ్ 5.1 లో ఈ గుర్తులకు చోటు దొరికింది.

జవాబు:

అర్ధశ్లోకాన్ని పూర్తిగా వాడే ఉదాహరణ లీలావతిలోనే ఉంది: 'పంచాంశపాదత్రిలవార్ధషష్ఠాన్'. 1/5, 1/4, 1/3, 1/2, 1/6 కలిపితే ఎంత, మూడులోంచి ఇవన్నీ పోతే శేషమెంత అని అడుగుతాడు. హారాలను అలాగే గుణించుకుంటూ పోతే 720 దాకా వెళ్తుంది. 'మిథో హరాభ్యామపవర్తితాభ్యాం' (హారాలను ఒకదానితో ఒకటి కుదించి) అన్న మాట పట్టుకుంటే 60 చాలు, అదే క.సా.గు. పైన 12 + 15 + 20 + 30 + 10 = 87. 87/60 ను కుదిస్తే 29/20.

ఇప్పుడు మూడు: అహారరాశి, కింద రూపం. 3/1 ను 60/20 చేసి, 60 − 29 = 31. శేషం 31/20, అంటే 1 11/20.

అడిగినవారు:

అయితే 'వీసం తక్కువ మూడు' అంటే 3×16 − 1, 47/16. 'పరక తక్కువ ఐదు' అంటే పరక 1/8 కాబట్టి 39/8. సరేనా?

జవాబు:

సరే. రెండోది 4 7/8.