చవక ఎయిర్ రైఫిల్: పెద్ద స్ప్రింగు వేయాలా, ఉన్నదాన్నే దారిలో పెట్టాలా?

కొత్తచెయ్యి అడిగారు:

అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం ఒక చవక ఎయిర్ రైఫిల్ కొన్నాను. బ్యారెల్‌ని కిందికి మడిచి కాక్ చేసే (లోపలి స్ప్రింగుని నొక్కి సిద్ధం చేసే) రకం, లోపల స్ప్రింగు, 4.5 మిల్లీమీటర్లది. కాగితం మీద గురి చూసి కొట్టుకోవడానికే, ఇంకే పనికీ కాదు. బాధ ఏమిటంటే, పది మీటర్ల నుంచి ఐదు పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) కొడితే ఐదూ ఐదు దిక్కులకి పోతున్నాయి. అన్నీ అరచేతి వెడల్పులో పడితే ఆ రోజు నాకు పండగే. పేల్చిన ప్రతిసారీ లోపల తీగ మీటినట్టు మోత. ట్రిగ్గర్ లాగీ లాగీ వేలు నొప్పి పుడుతుంది. మొదట్లో పొగ కూడా వచ్చేది, ఇప్పుడు చాలావరకు తగ్గింది.

బలమైన స్ప్రింగు వేస్తే వేగం పెరుగుతుంది, పెల్లెట్ సూటిగా పోతుంది అని ఒకాయన చెబితే స్ప్రింగు తెప్పించాను. గన్ ఇంకా విప్పలేదు. స్కోపు కూడా పెట్టాలని ఉంది. ముందు ఏది చేయమంటారు?

పాతస్ప్రింగు:

ఇంకా విప్పలేదు చూశారూ, అదే మంచి పని చేశారు. ఆ స్ప్రింగుని అలాగే డబ్బాలో ఉండనివ్వండి.

నేనూ మీలాగే మొదలుపెట్టాను. మొదటి గన్‌లో లావుపాటి స్ప్రింగు వేశాను. కాక్ చేయడానికి మోకాలు అడ్డం పెట్టాల్సి వచ్చింది. వేగం పెరిగిందా అంటే, ఏదో కాస్త. గురి మాత్రం ముందుకన్నా చెడింది. ఎందుకో అప్పుడు తెలియలేదు, తర్వాత విప్పి చూస్తే అర్థమైంది. ఈ గన్‌లో పెల్లెట్‌ని తోసేది స్ప్రింగు కాదు, గాలి. స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలిని నొక్కుతుంది, ఆ గాలి సన్నటి రంధ్రంలోంచి వచ్చి పెల్లెట్‌ని తోస్తుంది. స్ప్రింగు మార్చినంత మాత్రాన ఆ గొట్టంలో పట్టే గాలి పెరగదు కదా. ఎక్కువైన బలం పిస్టన్‌ని గాలి మెత్త మీద ఎగరేయడానికీ, గన్‌ని కుదపడానికీ పోతుంది. కొన్ని వందల షాట్లకే ఆ స్ప్రింగు రెండు ముక్కలైంది.

వేగానికీ గురికీ మీరు అనుకున్నంత చుట్టరికం లేదు. పది మీటర్ల పోటీల్లో వాడే ఖరీదైన రైఫిళ్లలో పెల్లెట్ సెకనుకు సుమారు 170, 180 మీటర్ల వేగంతోనే పోతుంది. ఆ పోటీ కాగితం మీద పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు. పెన్సిల్ మొన ఆనించినంత. దాన్ని వాళ్లు కొడుతున్నది వేగంతో కాదు, ప్రతి షాటూ ముందు షాటులాగే ఉండటంతో. పైగా పెల్లెట్ వేగం ధ్వని వేగానికి, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లకి దగ్గరపడితే దారిలోనే తూలడం మొదలెడుతుంది. డబ్బా మీద పెద్ద అంకె వేసి అమ్మేవాళ్లు చాలాసార్లు బాగా తేలిక పెల్లెట్‌తో కొలిచి ఆ అంకె వేస్తారు. దాన్ని చూసి మోసపోకండి.

ఇంకో సంగతి. చాలా దేశాల్లో ఎయిర్ గన్ శక్తికి జౌళ్ల లెక్కన హద్దు ఉంది. జర్మనీలో లైసెన్సు లేకుండా ఉంచుకోవాలంటే 7.5 జౌళ్లు, ఇంగ్లండ్‌లో రైఫిల్‌కి సుమారు 16 జౌళ్లు. స్ప్రింగు మార్చి మీరున్న చోటి హద్దు దాటితే, నిన్నటి ఆటవస్తువు చట్టం కళ్లకి వేరే ఆయుధం అయిపోతుంది. విప్పే ముందే ఆ రూలు చూసుకోండి.

తీరికమెకానిక్:

అన్న చెప్పింది నిజం. నేను ఖర్చు లేని పనులు చెబుతాను, ఇవి అయ్యాకే మిగతావి.

ముందు స్టాక్ (గన్‌ని పట్టుకునే చెక్క భాగం) స్క్రూలు. ముందు భాగంలో రెండు పక్కలా ఒక్కోటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. స్ప్రింగు గన్‌లో ఇవి వాటంతట అవే వదులవుతాయి. చవక గన్‌లో గురి తప్పడానికి నేను చూసిన కారణాల్లో మొదటిది ఇదే. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తో బిగించండి, చెక్క నలిగేంత కాదు. మళ్లీ మళ్లీ వదులవుతుంటే మరకి ఒక చుక్క నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయండి. ఎర్రది వద్దు, తర్వాత విప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

తర్వాత బ్యారెల్ మడత దగ్గర. ఖాళీ గన్‌ని పట్టుకుని బ్యారెల్‌ని పక్కలకి ఊపి చూడండి. కాస్త కదిలినా ఆ ఇరుసు బోల్టు బిగించాల్సిందే. అక్కడే బ్యారెల్ వెనక చిన్న రబ్బరు రింగు ఉంటుంది, దాన్ని కూడా చూడండి. పరీక్ష సులువు: ఒక పలచటి టిష్యూ కాగితం ముక్కని ఆ కీలు మీద ఆనించి, పెల్లెట్ పెట్టి లక్ష్యం మీదకి పేల్చండి. కాగితం ఎగిరితే గాలి లీకవుతోంది. ఆ రబ్బరు రింగు (ఓ-రింగ్) కొత్తది వేస్తే సరి. లీకు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి వేగమూ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, పెల్లెట్ ఒకటి పైకి, ఒకటి కిందికి పడుతుంది.

ఆ పైన పెల్లెట్లు. ఒక్క రకం డబ్బా కొని గన్‌ని తిట్టకూడదు. బ్యారెల్‌కి బ్యారెల్‌కి రుచి వేరు. కాగితానికైతే ముందు చదునుగా ఉండే రకం, లేదా గుండ్రటి తల రకం తీసుకోండి. మొనదేలినవి చూడటానికి భయంకరంగా ఉంటాయి గానీ గురిలో చాలావరకు వెనకబడతాయి. మీ గన్ శక్తికి 7, 8 గ్రెయిన్ల బరువు, అంటే అర గ్రాము చుట్టుపక్కల ఉన్నది సరిపోతుంది. నాలుగు రకాలు కొద్దికొద్దిగా తెచ్చుకుని ఒక్కో రకానికి కనీసం పదేసి షాట్లు కొట్టి కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. రకం మార్చిన వెంటనే కొట్టే మొదటి పది, ఇరవై షాట్లు మాత్రం ఈ లెక్కలోకి తీసుకోవద్దు, ఆ తర్వాతివే చూడండి.

గాజుపలక మీద పెల్లెట్లని దొర్లించి చూడటం నాకు అలవాటు. వెనక పావడా (పెల్లెట్ వెనక ఉండే పలచటి అంచు) నొక్కుకుపోయింది ఉంటే తడబడుతూ దొర్లుతుంది, దాన్ని పక్కన పడేస్తాను. మా ఇంట్లో వాళ్లు దీన్ని బియ్యంలో రాళ్లు ఏరడం అంటారు.

ఉక్కు గోలీలు మాత్రం ఈ బ్యారెల్‌లో వేయకండి. లోపలి మెలికల గాడులు పాడైతే ఇక ఏ రిపేరూ లేదు.

సూటిగీత:

మీరు గన్‌ని ఎలా పట్టుకుంటున్నారో ఎవరూ అడగలేదు. భుజానికి గట్టిగా అదిమి, ముందు చెయ్యి బిగించి పట్టుకుంటున్నారా?

కొత్తచెయ్యి:

అవునండీ. సినిమాల్లో చూసినట్టు గట్టిగానే. ఒక్కోసారి ముందు భాగాన్ని గోడ మీద ఆనిస్తాను కూడా.

సూటిగీత:

అనుకున్నాను. స్ప్రింగు గన్ రెండుసార్లు తంతుంది. పిస్టన్ ముందుకు దూకినప్పుడు గన్ వెనక్కి, పిస్టన్ ఆగినప్పుడు గన్ ముందుకి. ఈ కుదుపు మొదలయ్యేసరికి పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లోనే ఉంటుంది. మీరు గట్టిగా పట్టుకుంటే ప్రతిసారీ పట్టు కొంచెం తేడా వస్తుంది, గన్ కొంచెం వేరే వైపు కదులుతుంది, పెల్లెట్ వేరే చోట పడుతుంది. గోడ మీద ఆనిస్తే మరీ ఘోరం, గట్టి వస్తువు మీంచి గన్ ఎగురుతుంది.

అరచెయ్యి చాపండి. ముందు స్టాక్‌ని దాని మీద పెట్టండి, వేళ్లు మూయకండి. పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు. భుజానికి తాకీ తాకనట్టు ఆనించండి. గన్‌ని తన ఇష్టం వచ్చినట్టు కదలనివ్వండి, కానీ ప్రతిసారీ ఒకేలా కదలనివ్వండి. చెయ్యి ట్రిగ్గర్ గార్డుకి దగ్గరగా ఉంటే బాగుంటుందో, ముందుకి జరిపితే బాగుంటుందో మీ గన్నే చెబుతుంది. బాగున్న చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. పేల్చాక వెంటనే తల ఎత్తకుండా ఒక్క క్షణం అలాగే చూస్తూ ఉండండి.

స్కోపు ఇప్పుడే వద్దు. గన్ మీదే ఉన్న ఇనుప గురి గుర్తులతో గన్ ఏం చేయగలదో తెలుసుకున్నాక పెట్టండి. పెట్టినప్పుడు ఎయిర్ గన్ కోసమే చేసినది తీసుకోండి. పెద్ద తుపాకీల స్కోపు వెనక్కి తన్నడాన్ని తట్టుకుంటుంది, ఈ ముందుకి గుంజే కుదుపుకి లోపల అద్దాలు వదులైపోవచ్చు. పైగా పది మీటర్ల దూరంలో స్పష్టంగా కనబడాలి. స్కోపు వెనక్కి జారకుండా ఆపే పిన్ను ఉన్న మౌంట్ (స్కోపుని గన్‌కి బిగించే పట్టు) వాడండి. చవక గన్‌లలో బ్యారెల్ కొంచెం కిందికి వంగి ఉండటం మామూలే. స్కోపు మరని చివరిదాకా తిప్పినా షాట్లు కిందే పడుతుంటే స్కోపు తప్పు కాదు, వెనక మౌంట్ కింద ఎత్తు పెంచాలి.

పాతస్ప్రింగు:

పొగ సంగతి మరచిపోయాం. ఫ్యాక్టరీలో పూసిన నూనె గాలి గదిలో మిగిలి ఉంటుంది. గాలి ఒక్కసారిగా నలిగి వేడెక్కేసరికి డీజిల్ ఇంజన్‌లో లాగే ఆ నూనె అంటుకుంటుంది. కొత్త గన్‌లో మొదటి కొన్ని పదుల షాట్లకి ఇది మామూలే. కానీ గట్టిగా పేలిన శబ్దం వస్తుంటే ఆగండి, పిస్టన్ సీలూ (గాలి పక్కలనుంచి పోకుండా ఆపేది) స్ప్రింగూ దెబ్బతింటాయి. "కాస్త నూనె వేస్తే నున్నగా ఉంటుంది" అని కుట్టుమిషన్ నూనె గాలి రంధ్రంలో వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఖాళీగా పేల్చడం కూడా వద్దు. ముందు పెల్లెట్ లేకపోతే గాలి ఇట్టే బయటికి పోతుంది, పిస్టన్‌కి మెత్త ఉండదు, నేరుగా ఇనుముకి కొట్టుకుంటుంది.

మోత పోవాలంటే మాత్రం విప్పాల్సిందే. స్ప్రింగుకీ లోపలి గైడ్‌కీ (స్ప్రింగుని వంగకుండా పట్టే కడ్డీకీ) మధ్య సందు ఎక్కువైతే స్ప్రింగు తీగలా అల్లాడుతుంది. బిగుతైన గైడ్ వేసి, స్ప్రింగు మీద జిగురులాంటి చిక్కటి డ్యాంపింగ్ గ్రీజు పలచగా పూస్తే మోత చచ్చిపోతుంది. గన్ అదే, స్ప్రింగు అదే, చేతికి మాత్రం వేరే గన్‌లా ఉంటుంది. నా లెక్కలో చవక గన్‌కి చేయదగ్గ అసలు మార్పు ఇదే. గ్రీజు ఎక్కువ పూస్తే వేగం పడిపోతుంది, చూసుకోండి.

విప్పేటప్పుడు స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగుని నొక్కి పట్టే బిగింపు) లేకుండా చెయ్యి పెట్టకండి. కాక్ చేయని గన్‌లో కూడా స్ప్రింగు కొంత నొక్కుకునే ఉంటుంది. పిన్ను లాగగానే వెనక దిమ్మ ముఖం మీదకి వస్తుంది. లోపల కాకింగ్ గాడి అంచులు చవక గన్‌లలో కత్తిలా ఉంటాయి, వాటిని సన్నటి ఎమెరీ కాగితంతో మొద్దు చేయాలి. లేకపోతే కొత్త సీలు ఎక్కించేటప్పుడే కోసుకుపోతుంది.

తీరికమెకానిక్:

ట్రిగ్గర్ గురించి ఒక్క మాట, ఇది నా మీద జరిగిందే. తేలిక కావాలని పిస్టన్‌ని పట్టి ఉంచే లోపలి కొక్కేన్ని ఆకురాయితో అరగదీశాను. చాలా హాయిగా ఉంది, రెండు రోజులు. మూడో రోజు పెల్లెట్ పెట్టి బ్యారెల్ మూస్తుంటే దానంతటదే పేలింది. ఎదురుగా లక్ష్యం ఉంది కాబట్టి సరిపోయింది. బ్యారెల్ తెరిచి ఉన్నప్పుడే కొక్కెం వదిలేస్తే బ్యారెల్ పైకి ఎగిరి వేళ్లు విరగ్గొడుతుంది. అందుకే పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చెయ్యి బ్యారెల్‌ని వదలకూడదు, గన్ మంచిదైనా సరే. ట్రిగ్గర్‌కి సర్దుకునే స్క్రూ ఉంటే దాన్నే కొద్దిగా తిప్పండి, రాపిడి చోట మోలిబ్డినం గ్రీజు చిటికెడు పూయండి. అంతకుమించి ముట్టుకోవద్దు.

లక్ష్యం వెనక ఏముంది? పలచటి చెక్క చాలదు. పాత బట్టలు, కాగితాలు గట్టిగా కుక్కిన లోతైన పెట్టె పెట్టుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. పెల్లెట్లు సీసం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

కొత్తచెయ్యి:

రెండు వారాల తర్వాత వచ్చాను. ముందు స్క్రూ ఒకటి ఒకటిన్నర చుట్టు తిరిగింది! మూడు రకాల పెల్లెట్లలో చదును తలది బాగా కుదిరింది. అరచెయ్యి చాపి కొడితే మొదట్లో గన్ జారిపోతుందేమోనని టెన్షన్ పడ్డాను, ఇప్పుడు అలవాటైంది. పది మీటర్ల దగ్గర ఐదిట్లో నాలుగు సీసామూత లోపల పడుతున్నాయి. ఒకటి మాత్రం ఎప్పుడూ కుడివైపు కిందికి జారుతుంది. స్ప్రింగు డబ్బాలోనే ఉంది.

పాతస్ప్రింగు:

బ్యారెల్ మూతి దగ్గర దూదితో రాసి చూడండి, లోపలి నుంచి బయటికి, చుట్టూతా. గన్ ఖాళీగా ఉందో లేదో ముందు చూసుకోండి.

కొత్తచెయ్యి:

ఒక్క చోట దూది పోగులు పట్టుకున్నాయి. కింద, కుడివైపే.

పాతస్ప్రింగు:

దొరికింది. పెల్లెట్ వదిలి వెళ్లే చివరి క్షణంలో దాని పావడాని గీరేది అదే. గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూ ఒకటి తీసుకుని దాని తల మీద సన్నరకం గ్రైండింగ్ పేస్టు రాయండి. చేతి డ్రిల్లుకి బిగించి, మూతి మీద ఆనించి, నెమ్మదిగా తిప్పుతూ డ్రిల్లుని చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు కదపండి. లోపలికి దూది కుక్కి ఉంచండి, పేస్టు బ్యారెల్‌లోకి పోకూడదు. అంచు చుట్టూ ఒకే వెడల్పు మెరుపు గీత కనబడగానే ఆపండి. శుభ్రంగా తుడిచి మళ్లీ దూదితో చూడండి. పోగులు పట్టకపోతే ఇరవై షాట్లు కొట్టి ఆ కాగితం ఫోటో పెట్టండి.