హెచ్ఐవీ ఉన్న యువకుడు కబడ్డీ జట్టులో చేరితే ఆ సంగతి అందరికీ చెప్పాలా?

ప్రశ్న: కోనసీమ, వ్యాయామ ఉపాధ్యాయుడు
కాలువ గట్టు పక్కనున్న మైదానంలో సాయంత్రాలు కబడ్డీ నేర్పుతున్నాను. పుట్టుకతో హెచ్ఐవీ సోకిన 19 ఏళ్ల కుర్రాడొకడు చేరతానంటూ, తన సంగతి నన్ను నమ్మి చెప్పాడు. మిగిలిన పిల్లల తల్లిదండ్రులకు తెలపడం నా బాధ్యతేనా?

పాలకొల్లు, ఒక తల్లి
చెప్పి తీరాలండీ. కూతకు వచ్చినవాణ్ని పట్టేటప్పుడు మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతాయి. ఆ అబ్బాయి మీద నాకు కోపమేమీ లేదు. అతనికి ఈత నేర్పండి, మనకు కాలువలకు కొదవా?

కాకినాడ, ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల చికిత్స) కౌన్సిలర్
అమ్మా, మీ భయం అర్థమైంది. అయినా చెప్పకూడదనే నా గట్టి అభిప్రాయం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, నమ్మి చెప్పిన ఈ సంగతిని అతని సమ్మతి లేకుండా బయటపెట్టడం నిషిద్ధం. చెమట వల్ల, తాకిడి వల్ల ఈ వైరస్ సోకదు. ఇక నెత్తురు కారిన ఆటగాడు ఎవరైనా సరే వెంటనే బరి దాటి, గాయం కడిగి కట్టు కట్టించుకున్నాకే తిరిగి రావాలి. కట్టు కట్టేవారు చేతి తొడుగులు వేసుకోవాలి. తనకు హెచ్ఐవీ గాని హెపటైటిస్-బి గాని ఉన్నట్టు తెలియనివాడు కూడా జట్టులో ఉండవచ్చు గనుక, ఒకరి పేరు చాటడం కంటే అందరికీ ఒకే నియమం పెట్టడమే మీ బిడ్డను ఎక్కువగా కాపాడుతుంది.

ఈత గుండెకు మేలే. అయితే హెచ్ఐవీకి వాడే టెనోఫోవిర్ మాత్ర కొందరిలో ఎముక సాంద్రతను తగ్గిస్తుంది, మరో హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో కొందరు బరువు పెరుగుతారు. ఎముక గట్టిపడాలంటే ఒంటి బరువు కాళ్ల మీద పడే పరుగు, గెంతు కావాలి, అవి నీళ్లలో దొరకవు. మందుకు బదులు కసరత్తు అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. మాత్రలు మానేస్తూ, అడిగితే తల దించుకునే యువకుడొకడు వ్యాయామశాలలో చేరిన ఆరు నెలలకు, తన వైరల్ లోడ్ (నెత్తురులో వైరస్ మోతాదు) ఎంతుందని తనంతట తనే నన్ను అడిగాడు. అంతవరకూ ఆ మాట అతని నోట నేను వినలేదు.

తనకు హెచ్ఐవీ ఉందని 1991లో ప్రకటించిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడి కూడా, తోటివారి భయం వల్ల అదే ఏడాది మళ్లీ ఆట వదులుకోవలసి వచ్చింది. మన కుర్రాడికి ఆ గతి పట్టించకండి మాస్టారూ.

పాలకొల్లు, ఒక తల్లి
చెప్పకపోవడం నాకింకా మింగుడుపడటం లేదండీ. కట్టు నియమం మాత్రం మా అబ్బాయి ఆడే మైదానంలో లేదు. రేపే వెళ్లి అడుగుతాను.