పాత 800లో ఆయిల్ బల్బు మినుకుతోంది, చార్జింగ్ బల్బు సన్నగా వెలుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుంటూరు_800:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి బండి, 1995 మోడల్ మారుతి 800, కార్బురేటర్‌ది. ఆయన పోయాక చాలాకాలం షెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పట్టుదల. తుప్పు పట్టిన చోటల్లా కొత్త రేకు వేయించి, బానెట్ లోపలితో సహా మొత్తం పెయింట్ చేయించాను. కార్బురేటర్ క్లీనింగ్ అయింది. బ్యాటరీ, ఫ్యాన్ బెల్ట్, ఆయిల్ కొత్తవి. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ అందుకుంటోంది. ఇబ్బందల్లా మీటర్ బోర్డుతోనే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ బల్బు (ఆయిల్ ప్రెజర్ తగ్గితే వెలిగేది) వెంటనే ఆరిపోతుంది. కాసేపు తిరిగొచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే, స్లోలో (ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) మినుకు మినుకుమంటుంది. ఆక్సిలరేటర్ కొంచెం తొక్కితే పోతుంది. చార్జింగ్ బల్బేమో పగలు తెలియదు గానీ చీకట్లో చూస్తే సన్నగా వెలుగుతూనే ఉంటుంది. హెడ్‌లైట్ వేస్తే ఇంకొంచెం పెరుగుతుంది. అప్పుడే పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కదులుతాయి.

ఒక మెకానిక్ చూసి "పాత బండే కదా, ఆయిల్ స్విచ్ వైరు పీకేయండి, టెన్షన్ ఉండదు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. పెద్దలు దారి చూపించాలి.

ఆటోనగర్_వైరింగ్:

బాబూ, ఆ వైరు మాత్రం పీకొద్దు. విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పనిలోనే నా జుట్టు నెరిసింది. ఇంజిన్ పట్టేసి, తాడు కట్టి లాక్కొచ్చిన బండ్లు ఎన్నో చూశాను. బానెట్ ఎత్తితే ఆ వైరు ఊడదీసి టేపు చుట్టి ఉండేది.

ముందు స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టు. ఆయిల్, చార్జింగ్ బల్బులు రెండూ నిండుగా వెలగాలి. అప్పుడు వెలగని బల్బుకే నేను ఎక్కువ భయపడతాను. ఎందుకంటే అవసరమైన రోజున కూడా అది వెలగదు. చాలా పాత ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు అందేది కూడా ఆ చార్జింగ్ బల్బు ద్వారానే. బల్బు మాడితే కొన్ని బండ్లు స్లోలో చార్జింగే ఎత్తుకోవు.

ఇప్పుడు నీ బండి సంగతి. చార్జింగ్ బల్బుకి ఒకవైపు తాళం నుంచి కరెంటు, రెండోవైపు ఆల్టర్నేటర్ నుంచి. చార్జింగ్ మొదలవగానే రెండువైపులా వోల్టేజ్ సమానమై ఆరిపోతుంది. సన్నగా వెలుగుతోందంటే ఎక్కడో తేడా మిగిలిపోయింది. డయోడ్ పోయినా, కార్బన్ బ్రష్‌లు అరిగినా, ఫ్యూజు దగ్గర కాంటాక్ట్ మాడినా అలాగే అవుతుంది. కానీ నీ బండిలో హెడ్‌లైట్ వేస్తే ముళ్లు రెండూ కలిసి కదులుతున్నాయి. ముళ్లకు కొలత పంపే ట్యాంకులో యూనిట్, ఇంజిన్ మీద యూనిట్ ఒకేసారి పాడవడం అరుదు. వాటికి ఉమ్మడిగా ఉన్నవి ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి), మీటర్ బోర్డు సప్లై. పైగా బానెట్ లోపల పెయింట్ కొట్టించావు. నా అనుమానం ఎర్త్ మీదే.

మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి హెడ్‌లైట్ వెయ్యి. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి, రెండోది ఇంజిన్ మీద ఓసారి, కారు బాడీ మీద ఓసారి ఆనించు. 0.2 వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎర్త్ సరిగా లేదు. బోల్టు విప్పి, ఎమిరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి పైన వాజిలిన్ రాయి.

కాకినాడ_పద్మిని:

తమ్ముడూ, ఆయిల్ బల్బుకి ఇంత అక్కర్లేదు. 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోసి చూడు. మా ప్రీమియర్ పద్మినిలో అలా పోయగానే మినుకు ఆగిపోయింది.

ఆటోనగర్_వైరింగ్:

అన్నా, చిక్కటి ఆయిల్‌తో బల్బు ఆరుతుంది, నిజమే. అరుగుదల ఎంతుందో మాత్రం తెలియదు. ఆయిల్ స్విచ్ మామూలుగా ప్రెజర్ 4 నుంచి 7 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) లోపు పడితేనే బల్బు వెలిగిస్తుంది. బల్బు ఆరినా ప్రెజర్ చాలినంత ఉందని నమ్మకం లేదు. స్విచ్ విప్పి ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ పెట్టి చూడమను. వేడి మీద వెయ్యి ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్ఐ ఉండాలన్నది మెకానిక్‌ల పాత లెక్క. గేజ్ బాగా చూపిస్తే స్విచ్ మారిస్తే చాలు. తక్కువ చూపిస్తే ముందు ఇంజిన్ లోపల చూడాలి, ఆయిల్ మార్చే సంగతి తర్వాత.

గుంటూరు_800:

గురువుగారూ, మీరన్నట్టే చేశాను. బ్యాటరీ నెగటివ్ నుంచి కారు బాడీకి 0.9 వోల్టు వచ్చింది! ఎర్త్ బోల్టు విప్పితే రింగ్ టెర్మినల్ కింద పెయింట్, ప్రైమర్ రెండు పొరలు. రుద్ది బిగించాక చార్జింగ్ బల్బు పూర్తిగా ఆరింది, ముళ్లు కదలడం లేదు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు.

గేజ్ కూడా పెట్టించాను. వేడి మీద స్లోలో 5 పీఎస్ఐ, 2000 ఆర్‌పీఎం దగ్గర 15. డిప్‌స్టిక్‌లో ఆయిల్ పై గీత దగ్గరే ఉంది.

ఆటోనగర్_వైరింగ్:

అయితే బల్బు నిజమే చెప్పింది. ఇక బండి తిప్పకు. చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి ముందు స్ట్రైనర్, అంటే పంపు ఆయిల్ పీల్చే జల్లెడ, చూడు. ఇన్నాళ్లు నిలబడ్డ బండి కాబట్టి జిగురు పేరుకుని ఉండొచ్చు. తర్వాత కనెక్టింగ్ రాడ్ క్యాపులు విప్పి లోపలి షెల్స్ (బేరింగ్ రేకులు) చూపించుకో. పైపొర లేచి కింద రాగి రంగు కనిపిస్తే అవి అయిపోయినట్టే. వాటిని మార్చేముందు క్రాంక్ జర్నల్స్ (ఆ షెల్స్‌లో తిరిగే క్రాంక్ భాగాలు) మైక్రోమీటర్‌తో కొలిపించు. గీతలు పడ్డ క్రాంక్ మీద కొత్త షెల్స్ వేస్తే డబ్బు దండగ. ఆయిల్ పంపు గ్యాప్ కూడా అప్పుడే చూసేయమను. కొలతలు వచ్చాక ఇక్కడ పెట్టు, ఏ సైజు షెల్స్ తీసుకోవాలో చెబుతాను.