అనంతపురం బోరు నీళ్లతో చిన్న డిష్‌వాషర్ నడుస్తుందా? ఏ రకం తీసుకోవాలి?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. మేము అనంతపురంలో ఒక మిద్దె పై అంతస్తులో అద్దెకుంటున్నాము. ఇంట్లో ఐదుగురం. నేను బడిలో పాఠాలు చెప్పి ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదున్నర అవుతుంది. అత్తగారికి మణికట్టు నొప్పి ఉంది. డాక్టరు బరువు పని చేయవద్దన్నా, నేను వచ్చేలోపే సింకు ఖాళీ చేయాలని ఆమె పీచు పట్టుకుని నిలబడతారు. నిన్న కుక్కరు తోముతూ నొప్పికి కళ్లు మూసుకోవడం చూశాను. అందుకే ఒక చిన్న డిష్‌వాషర్ కొనాలని నిశ్చయించుకున్నాము. 25 వేల రూపాయల వరకు పెట్టగలము.

వంటగదిలో కడప రాయి గట్టు మీద స్టవ్వు, మిక్సీ, నీళ్ల ఫిల్టరు పోగా రెండడుగుల చోటు మిగిలింది. దానికి పైన 21 అంగుళాల ఎత్తులో మరో రాతి అర ఉంది. అంగడిలో రెండు రకాలు చూపించారు. ఒకటి సుమారు ఐదు లీటర్ల నీళ్లు మనమే పోసుకునే చిన్న యంత్రం. దానికి కుళాయితో పని లేదు, ధర కూడా రెండోదానికంటే ఆరేడు వేలు తక్కువ. రెండోది ఎనిమిది ప్లేస్ సెట్టింగుల (ఒక సెట్టింగు అంటే ఒక మనిషి భోజనపు సామాను) టేబుల్‌టాప్ యంత్రం, దానికి కుళాయి నుంచి గొట్టం కలపాలి. అద్దె ఇల్లు కాబట్టి గోడలు పగలగొట్టే వీలు లేదు. పాత్రలకు వాడేవి బోరు నీళ్లే. స్నానానికి నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార పట్టడం మీ అందరికీ తెలిసిన సంగతే. వీటిలో ఏది మేలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (కడప)

అమ్మా, నేను మొదటి రకం కొని పదకొండు నెలలు వాడినవాణ్ని కాబట్టి ముందుగా ఆ కష్టం చెప్పనివ్వండి. మొదటి నెల గిన్నెలు అద్దంలా వచ్చాయి. రెండో నెలకు గాజు గ్లాసుల మీద పాలు పలచగా పూసినట్టు ఒక పొర కనిపించింది, చేత్తో రుద్దినా పోలేదు. ఐదో నెలలో పై వరుస గిన్నెలకు అన్నం మెతుకులు అంటుకునే ఉంటున్నాయని లోపల నీళ్లు చిమ్మే రెక్కను విప్పి చూస్తే, దాని రంధ్రాలలో సగం సున్నంతో పూడిపోయి ఉన్నాయి. గుండుసూదితో ఒక్కొక్క రంధ్రాన్నీ పొడిచి తెరిచాను. చివరికి నీళ్లు వేడెక్కడమే మానేశాయి.

దీనికి కారణం యంత్రం నాసిరకం కావడం కాదు. మన బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు వేడి తగలగానే కరగని కార్బనేట్లుగా మారి, వేడెక్కే ప్రతి చోటా గారగా పేరుకుంటాయి. ఈ యంత్రాలు నీళ్లను 60, 70 డిగ్రీల వరకు కాచుతాయి కాబట్టి ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. పెద్ద యంత్రాలలోనూ, మంచి టేబుల్‌టాప్ యంత్రాలలోనూ దీనికోసమే రెజిన్ గుళికలు నింపిన సాఫ్ట్‌నర్ అనే భాగం ఉంటుంది. ఆ గుళికలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. అవి నిండిపోయినప్పుడు ఉప్పు నీళ్లు వాటి మీదుగా పారి మళ్లీ పనికి సిద్ధం చేస్తాయి. యంత్రం అడుగున గుండ్రటి మూతతో ఉప్పు పోసే అర ఉంటే సాఫ్ట్‌నర్ ఉన్నట్టే. నేను కొన్నదానిలో ఆ అర లేదు. కొనేటప్పుడు అడగాలని నాకు తెలియలేదు, అంగడివారు చెప్పనూ లేదు.

ఆర్వో నీళ్లు పోస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. నేనూ అదే చేశాను. ఐదు లీటర్ల మంచి నీళ్ల కోసం అంతకంటే ఎక్కువ నీళ్లు వృథాగా బయటికి పోయాయి. ఆ వదిలేసిన నీళ్లు వృథా ఎందుకని వాటినే యంత్రంలో పోయడం ఇంకా పెద్ద పొరపాటు, ఎందుకంటే అసలు నీళ్లలోని సున్నమంతా వాటిలోనే చిక్కబడి ఉంటుంది.

మరొక్క మాట. గార వదిలించడానికి నిమ్మ ఉప్పు వాడినప్పుడు ఆ నీళ్లు గట్టు మీద పడనివ్వకండి. కడప రాయి సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే మెరుపు చచ్చిపోతుంది. మా గట్టు మీద అరచేయంత మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది.

జవాబు 2 (కర్నూలు)

నేను ఇళ్లలో వాడే యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాను. కడప సోదరుడు చెప్పినది అక్షరాలా నిజం. దానికి కొన్ని లెక్కలు చేరుస్తాను.

చాలామంది టీడీఎస్ మీటరు ముంచి చూసి నీళ్ల కాఠిన్యం తెలిసిందనుకుంటారు. ఆ మీటరు కరిగి ఉన్న లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. కాఠిన్యానికి చుక్కల పరీక్ష కిట్టు విడిగా దొరుకుతుంది, లేదా నీళ్లు పరీక్షించే ల్యాబులో చూపించవచ్చు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. యంత్రం పుస్తకంలో మాత్రం కాఠిన్యం జర్మన్ డిగ్రీలలో ఉంటుంది. ఒక డిగ్రీ అంటే 17.8 మిల్లీగ్రాములు. మీ లెక్కను 17.8తో భాగించి వచ్చిన అంకెను యంత్రంలో అమర్చాలి. చాలా యంత్రాలు 50 జర్మన్ డిగ్రీల కాఠిన్యం వరకు తట్టుకుంటాయి. అమర్చకుండా వదిలేస్తే సాఫ్ట్‌నర్ ఉండీ ప్రయోజనం లేదు. నేను వెళ్లిన ఇళ్లలో సగం ఫిర్యాదులకు మూలం ఇదే.

పై అంతస్తు అన్నారు కాబట్టి నీళ్ల ఒత్తిడి కూడా చూసుకోండి. చాలా టేబుల్‌టాప్ యంత్రాలకు కనీసం 0.04 మెగాపాస్కల్ ఒత్తిడి కావాలి, అంటే ట్యాంకులోని నీటి మట్టం కుళాయికి సుమారు 13 అడుగుల పైన ఉండాలి. కింది అంతస్తు వారికి ఈ చిక్కు ఉండదు. ట్యాంకు నేరుగా నెత్తి మీద ఉన్నవారికే నీళ్లు సన్నగా వచ్చి, నిర్ణీత సమయంలో నిండక, యంత్రం ఫాల్టు చూపి ఆగిపోతుంది.

గోడ పగలగొట్టే అవసరం ఏమాత్రం లేదు. సింకు కుళాయి దగ్గర ముప్పావు అంగుళం మరతో ఒక టీ జాయింటు (గొట్టాన్ని రెండుగా చీల్చేది), ఒక వాల్వు వేయిస్తే చాలు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు. కరెంటుకు మాత్రం 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు ఉండి తీరాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకండి. ఇక మీ 21 అంగుళాల అర నాకు అనుమానంగా ఉంది. ఆరు సెట్టింగులవి చాలావరకు 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటాయి, ఎనిమిది సెట్టింగులవి 23 అంగుళాల దాకా వస్తాయి. తలుపు ముందుకు కిందికి తెరుచుకుంటుంది, వెనక గొట్టాలకు నాలుగు వేళ్ల చోటు కావాలి. టేపుతో కొలవకుండా డబ్బు కట్టకండి.

జవాబు 3 (అనంతపురం)

సోదరీ, మాది కూడా ఈ ఊరే. నాలుగేళ్లుగా ఎనిమిది సెట్టింగుల యంత్రం వాడుతున్నాను. ఎనిమిది సెట్టింగులు అంటే ఎనిమిది మంది సామాను అనుకోకండి, ఆ లెక్క పింగాణీ పళ్లేలు, సాసర్లు, చెంచాలతో వేసినది. మన ఇంట్లో అది ఐదుగురి తట్టలు, గ్లాసులు, చిన్న గిన్నెలు, మహా అయితే రెండు వంట గిన్నెలు. ఐదు లీటర్ల కుక్కరు పెడితే కింది అరలో సగం అదే ఆక్రమిస్తుంది.

స్టీలు సామాను నిశ్చింతగా పెట్టవచ్చు. అల్యూమినియం, హిండాలియం గిన్నెలు డిటర్జెంటులోని క్షారానికి నల్లబడతాయి. ఇత్తడి, రాగి, ఇనుప పెనం, రాచిప్ప, సంగటి కెలికే కట్టె వీటిని లోపల పెట్టనే పెట్టకండి. సంగటి గిన్నెను మాత్రం వండిన వెంటనే నీళ్లు పోసి నానబెట్టి, మెత్తబడిన అడుగును గరిటెతో తీసేశాకే పెట్టాలి. ఎండిన రాగి పిండిని ఏ యంత్రమూ వదిలించదు. అది ఊడి వచ్చినా జల్లెడలో చేరి వాసన కొడుతుంది. నేను జల్లెడను రెండు రోజులకొకసారి కడుగుతాను. చేత్తో తోమే సబ్బు ద్రవం ఒక్క చెంచా పోసినా నురగ పొంగి నేలంతా పారుతుంది. టాబ్లెట్లు పెద్ద యంత్రాల కొలతకు చేసినవి కాబట్టి చిన్నదానికి పొడి వాడుకుంటే కొలత మన చేతిలో ఉంటుంది. వంట ఉప్పు వేయకండి. గడ్డకట్టకుండా దానిలో కలిపేవి, సన్నటి పొడి సాఫ్ట్‌నర్‌ను పాడుచేస్తాయి. డిష్‌వాషర్ ఉప్పు పెద్ద పలుకులుగా విడిగా దొరుకుతుంది.

నీళ్ల సంగతి అడగలేదు గానీ చెబుతాను. ఒక వాయికి ఎనిమిది లీటర్లకు మించి పట్టదు. అదే సామానుకు కుళాయి కింద నేను రెండు బకెట్లు పోసేదాన్ని. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే మా వీధిలో అది చిన్న సంగతి కాదు.

ప్రశ్న అడిగిన వారు (అనంతపురం)

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. ఆదివారం పరీక్ష చేయించాము, కాఠిన్యం 520 వచ్చింది, అంటే సుమారు 29 డిగ్రీలు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం కుళాయికి 14 అడుగుల పైన ఉంది, అడుగంటితే పదిన్నర. అర తీయడానికి ఇంటివారు ఒప్పుకోలేదు కాబట్టి ఉప్పు అర ఉన్న ఆరు సెట్టింగుల యంత్రమే చూస్తున్నాము. ట్యాంకు సగానికి తగ్గినప్పుడు ఏం చేయాలి?

జవాబు 2 (కర్నూలు)

అమ్మా, మోటారు వేసి ట్యాంకు నింపిన వెంటనే యంత్రం నడిపే అలవాటు చేసుకోండి, చాలావరకు అదే సరిపోతుంది. అప్పటికీ ఫాల్టు చూపితే సింకు కింద చిన్న బూస్టరు పంపు పెట్టించవచ్చు, కానీ ముందే కొనకండి. వాల్వు దగ్గర గొట్టం మూతిలో చిన్న జాలీ ఉంటుంది, బోరు ఇసుకకు అది పూడినా ఇదే ఫాల్టు వస్తుంది కాబట్టి మొదట దాన్ని విప్పి కడిగి చూడండి. యంత్రంలో కాఠిన్యం 29 అని అమర్చేది బిగించడానికి వచ్చిన మనిషి ఎదుటే, మీరు దగ్గరుండి చేయించండి. ఖాళీ చేసే గొట్టాన్ని సింకు అంచుకు క్లిప్పుతో గట్టిగా బిగించమనండి. అది జారిపడితే మురికి నీళ్లన్నీ నేరుగా కింది ఇంటివారి గోడలోకి దిగుతాయి.