డెవిల్డ్ ఎగ్స్‌లో మయోనైజా, ఆవకాయ పిండా?

తాంబరం కోడలు
శనివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మేడ మీద పార్టీ, ముప్పై మంది. డెవిల్డ్ ఎగ్స్ నా వంతు. ఉడికిన గుడ్డును సగానికి కోసి, పచ్చసొనలో మయోనైజ్, ఆవపిండి కలిపి మళ్ళీ నింపుతారే, అవి. నేను మయోనైజ్ మానేసి ఆవకాయ పిండి (ముక్క కాదు, జాడీ అడుగున ఉండే ఎర్ర ముద్ద), కాస్త గట్టి పెరుగు వేసి చూశాను. మా ఆడపడుచు రుచి చూసి "ఇది గుడ్డు ఆవకాయ వదినా, డెవిల్డ్ ఎగ్ కాదు" అంది. మీరేమంటారు?

పెరంబూరు బాబాయ్
ఆ అమ్మాయి చెప్పిందే కరెక్టు. మయోనైజ్ లేనిదే ఆ నునుపు రాదు. ఆవకాయ పిండి నోట్లో గరగరలాడుతుంది. పేరు అరువు తెచ్చుకున్నాక వంటకానికి కొంచెం మర్యాద ఇవ్వాలి కదమ్మా.

ఉప్పూకారం
బాబాయ్ గారూ, ఆ పేరులో మయోనైజ్ ఎక్కడుందండీ? 18వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్ళు మిరియాలూ ఆవాలూ దట్టించి ఘాటుగా చేసినవాటిని డెవిల్డ్ అనడం మొదలుపెట్టారు. దెయ్యం ఉన్నది కారంలో. పైగా ఆ సొనకు కావలసినవి ఏమిటి? ఆవ ఘాటు, నూనె, పులుపు, కారం. నాలుగూ ఆవకాయ జాడీలోనే ఉన్నాయి. గరగర సంగతి ఒప్పుకుంటాను. సొనను జల్లెడలో రుద్ది, పిండిని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే పోతుంది. ఉప్పు మాత్రం ముట్టుకోవద్దు. పన్నెండు గుడ్లకు నేను రెండు టేబుల్ స్పూన్ల పిండి దాటను.

వేళచ్చేరి 2బి
నాకు మయోనైజ్ అంటేనే భయం. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్ 8 నుంచి ఏడాది పాటు నిషేధించింది. అంతకుముందే, 2024లో, తెలంగాణ ఆ పని చేసింది. కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అని ఊరికే అన్నారా?

పెరంబూరు బాబాయ్
నిషేధం పచ్చి గుడ్డుదానికి. నేను వాడేది గుడ్డు లేని సీసా మయోనైజ్.

కిచెన్‌లో ఆరేళ్ళు
అసలు ప్రమాదాన్ని ఇద్దరూ వదిలేశారు. ముందు పాడయ్యేది ఉడికిన గుడ్డే. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటితే గంటే. చెన్నై మేడ సంగతి తెలిసిందేగా. ఆవకాయ వేశాం, నిలవ ఉంటుందిలే అనుకోకండి. జాడీని కాపాడే ఉప్పూ నూనే రెండు చెంచాల పిండిలో ఏపాటి?

అందుకని అన్నీ ఒకేసారి పేర్చవద్దు. తెల్లసొన కప్పులు డబ్బాలో, ముద్ద కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కవరు మూల కత్తిరించి పన్నెండేసి నింపి పైకి పంపండి. పెరుగును ముందు రాత్రే గుడ్డలో కట్టి వేలాడదీయండి, లేదంటే ముద్ద జారిపోతుంది. గుడ్లు వారం ముందే కొనండి, మరీ తాజావైతే పెంకుతో పాటు తెల్లసొన కూడా ఊడొస్తుంది. పదకొండు నిమిషాలు ఉడికించి వెంటనే చన్నీళ్ళలో వేయండి. ఎక్కువ ఉడికితే సొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి సొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. ఎర్ర ముద్దలో అది కనబడదు లెండి, ఆవకాయ పార్టీకి అదొక లాభం.

తాంబరం కోడలు
అయితే ఆవకాయే. 24 గుడ్లు, 48 ముక్కలు, నాలుగు విడతలు. పైన మిరప్పొడి బదులు వేయించిన కరివేపాకు వేయొచ్చా?

ఉప్పూకారం
భేషుగ్గా. కానీ పళ్ళెం పైకి వెళ్ళే ముందే వేయండి, ముందుగా వేస్తే మెత్తబడిపోతుంది.

పెరంబూరు బాబాయ్
నేను ఉండేది పెరంబూరులో. తాంబరం నాకు దూరమే. అయినా రుచి చూడకుండా ఒప్పుకోను.