పనస చెక్క స్నేర్ డ్రమ్: కొనేముందు ఏం చూడాలి?

కొర్లగుంట కుర్రాడు:
అన్నలూ, నేను తిరుపతిలో పెళ్ళి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. నాలుగేళ్ళుగా కిట్‌తో వచ్చిన స్నేర్‌తోనే, అంటే కింద వైర్లుండి 'ఛట్'మనే డ్రమ్ముతోనే, లాగిస్తున్నా. మొన్న చిత్తూరు దగ్గర ఒక వడ్రంగాయన పనస చెక్కతో చేసిన స్నేర్ చూపించాడు. 14 అంగుళాల వెడల్పు, ఆరున్నర లోతు. 20 పలకలు నిలువుగా అతికించి, పీపాలా చేసి, లేత్ మీద తిప్పాడట. రిమ్ములు, లగ్గులు (బోల్టులు బిగిసే దిమ్మలు), వైర్లు బయట కొని బిగించాడు. 11 వేలు చెప్తున్నాడు. చూడ్డానికి పసుపు రంగులో మెరిసిపోతోంది. కొడితే మాత్రం 'డబ్' అని చచ్చిన సౌండు. వైర్లని కింది స్కిన్‌కి ఆనించే లివర్ వేసినా తీసినా పెద్ద తేడా లేదు. చెక్కలో లోపమా, పనిలో లోపమా? ఆదివారం మళ్ళీ రమ్మన్నాడు.

డోలు ఇంటివాడు:
పనసని అనుమానించకు తమ్ముడూ. మా డోలూ పనసే, మృదంగమూ పనసే. కాకపోతే అవి ఒకే దుంగని తొలిచి చేస్తారు, నీది అతుకుల పని. చెక్క ఎన్నాళ్ళు ఆరబెట్టాడో అడుగు. పచ్చి చెక్కయితే నవంబరు వానలకి ఉబ్బి, మే ఎండలకి ముడుచుకుని, అతుకులు నోళ్ళు తెరుస్తాయి. లోపల ఒక్కో అతుకు మీద గోరు ఆడించి చూడు, ఎక్కడా తగులుకోకూడదు.

పాత స్టిక్స్:
లివర్ వేసినా తేడా లేదన్నావు చూడు, నాకు అక్కడే అనుమానం. కింద ఏ స్కిన్ వేశాడు? పైన 10 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు మందం) కోటెడ్, అంటే గరుకు పూత ఉన్నది, ఉండాలి, కింద 3 మిల్ది, అవతలి వెలుతురు కనబడేంత పల్చటిది. పైదే కిందా వేస్తే వైర్లు పలకవు. నేనూ ఒకసారి ఇలాగే మోసపోయా, అదీ నా చేతిలో నేనే. ఒక స్నేర్ మూగదని తేల్చి సగం ధరకి అమ్మేశా. కొన్నవాడు కింద స్కిన్ మార్చి, వారంలో నా ముందే టపాకాయలా పేల్చాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అందుకే 3 మిల్ స్కిన్ ఒకటి నువ్వే పట్టుకెళ్ళు. రెండు పక్కలా విప్పించు, మొహమాటపడకు. షెల్‌ని, అంటే ఒట్టి చెక్క పీపాని, గ్రానైట్ బండ మీద పెట్టు (చిత్తూరులో గ్రానైట్‌కి కరువా). లోపల ఫోన్ టార్చి వెలిగించి, పైన అట్ట కప్పి, గదిలో లైట్లు ఆర్పెయ్. కన్ను బండ ఎత్తుకి దించి చుట్టూ చూడు. అంచు కింద నుంచి వెలుగు కారితే అక్కడ అంచు పల్లం అన్నమాట. బోర్లించి రెండో అంచూ చూడు. కొత్త స్కిన్ షెల్ మీద పెట్టి వేలితో తిప్పితే సులువుగా తిరగాలి. పట్టేస్తే షెల్ లావైంది, ఇక అది శృతికి రాదు.

బిగించాక లివర్ తీసేసి, ఒక్కో బోల్టుకి అంగుళం ఇవతల తట్టు. అన్ని చోట్లా ఒకే స్వరం రావాలి. తర్వాత లివర్ వేసి, అంచు దగ్గర వేలి చివరతో మెల్లగా తట్టు. దానికీ వైర్లు పలికితేనే మంచి స్నేర్. గట్టిగా కొడితే బకెట్టు కూడా మోగుతుంది.

ఇంకోటి. స్టిక్స్ ఇంకెవరికైనా ఇచ్చి పదిహేను అడుగుల దూరంలో నిలబడి విను. దగ్గర్లో చెవిలో గీసే రింగు, మండపంలో కీబోర్డు, బేస్ గిటార్ మధ్య కలిసిపోతుంది. దగ్గర్లో ముద్దుగా వినిపించేది అక్కడ కనబడకుండా పోతుంది.

కొర్లగుంట కుర్రాడు:
వెళ్ళొచ్చానన్నా! నువ్వన్నట్టే కింద కూడా కోటెడే. పల్చటిది వేయగానే 'ఛట్' అంది, నేనే ఉలిక్కిపడ్డా. వేలితో తట్టినా గుసగుసలాడుతోంది. అతుకుల్లో గోరు ఎక్కడా తగల్లేదు, చెక్క రెండేళ్ళు ఆరబెట్టాడట. కానీ టార్చి దగ్గర ఫెయిల్. కింది అంచులో ఎదురెదురుగా రెండు చోట్ల నాలుగేసి అంగుళాల పొడవున వెలుగు కనబడింది. పై అంచులో ఒకచోట సన్న గీత. అడిగితే 'కిందవి కావాలనే తీశా సామీ' అన్నాడు. బుకాయిస్తున్నాడా?

పాత స్టిక్స్:
బుకాయింపు కాదు, పని తెలిసినవాడు. ఆ రెండు పల్లాలూ వైర్ల తాళ్ళు అంచు దాటే చోటే, లివర్ దగ్గరొకటి, దానికి ఎదురుగా ఒకటి, ఉన్నాయి కదూ? అక్కడ అంచు కాస్త దిగితేనే వైర్లు స్కిన్‌కి పొడవునా ఆనుకుంటాయి. దిగకపోతే లివర్ ఎంత బిగించినా చివరలు లేచి జరజరమంటాయి. లోతు ఒక మిల్లీమీటరు, మహా అయితే రెండు. మెల్లగా దిగి మెల్లగా ఎక్కాలి, గాడి కొట్టినట్టు ఉండకూడదు. నేను ముందే చెప్పాల్సింది, మర్చిపోయా.

పై అంచులో గీత మాత్రం తప్పే. పెద్దది కాదులే. గాజు పలక మీద గరుకు కాగితం అతికించి, పై అంచుని దాని మీద బోర్లించి గుండ్రంగా రుద్దమను. గీత పోయాక 45 డిగ్రీల వాలు మళ్ళీ కాస్త తీస్తే చాలు. కింది అంచు జోలికి మాత్రం పోనివ్వకు, రుద్దితే ఆ పల్లాలు పోతాయి.

కొర్లగుంట కుర్రాడు:
పల్లాలు నువ్వన్న చోటే ఉన్నాయన్నా. పై గీత సరిగ్గా ఒక అతుకు మీద ఉంది. రేపు రుద్ది ఇస్తానన్నాడు, 10 వేలకి దిగాడు కూడా. కింద నుంచి విప్పిన కోటెడ్ నేనే తెచ్చేసుకున్నా. పైది చిరిగితే పనికొస్తుంది.