అన్నిటికీ కారణం ఉంటే మరి దేవుడికి కారణం ఎవరు?

ప్రశ్న:
దేవుడున్నాడని చెప్పడానికి క్రైస్తవ తత్వవేత్తలు ఇచ్చిన వాదనలు చదువుతున్నానండి, ఫస్ట్ కాజ్ దగ్గర ఆగిపోయా. ప్రతిదానికీ కారణం ఉంటుంది కాబట్టి లోకానికీ ఉండాలి, అదే దేవుడు అంటారు, మరి దేవుడికి కారణం ఎవరంటే ఆయనకి అక్కర్లేదంటారు. కావాల్సిన చోట రూల్ ఆపేసినట్టు లేదూ? నేను నమ్మేవాడినే, గొడవకి అడగట్లేదు.

రిప్లై 1:
మీరు రాసినట్టయితే ఆ వాదం నిలబడదండి, కానీ ఈ వాదానికి పేరుపడ్డ క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ అలా అనలేదు. 13వ శతాబ్దంలో ఆయన రాసిన సుమ్మా థియోలాజికా అనే పుస్తకంలో దేవుడున్నాడని చూపే ఐదు మార్గాలుంటాయి, మొదటిది కదలిక గురించి, కదిలేదాన్ని ఇంకోటేదో కదిలిస్తోంది అని. ఉదాహరణ కూడా ఆయనే ఇచ్చారు, చెయ్యి కదిపితేనే కర్ర కదులుతుంది. ఆ కర్ర ఓ రాయిని నెడుతోంది అనుకోండి, చెయ్యి ఆగగానే కర్రా ఆగుతుంది రాయీ ఆగుతుంది, మధ్యలో వెయ్యి కర్రలు పెట్టినా అంతే, ఎందుకంటే కర్రకి సొంతంగా కదిలించే శక్తి లేదు. కాబట్టి ప్రశ్న ఏంటంటే ఇదంతా ఇప్పుడు, ఈ క్షణంలో, దేని ఆధారంతో నడుస్తోంది అని. తాను కదలకుండా మిగతావాటిని కదిలించేది ఒకటి ఉండాలి, అదే దేవుడు అంటారాయన, దాన్ని ఇంకోటేదీ కదిలించదు కాబట్టి దానికి కారణం ఎవరనే ప్రశ్న రాదు. అసలు లోకానికి ఆరంభం ఉందని తర్కంతో రుజువు చెయ్యలేం, విశ్వాసంతోనే ఒప్పుకుంటాం అని అక్వినాసే రాశారు, చాలామంది ఇది చూడకుండానే ఆయన్ని తిడతారు పొగుడుతారు.

రిప్లై 2:
బాగా చెప్పారు కానీ నాకు రెండు డౌట్లు. డేవిడ్ హ్యూమ్ అనే తత్వవేత్త మతం గురించి రాసిన సంభాషణల పుస్తకం 1779లో వచ్చింది, అందులో ఒక పాత్ర అంటాడు, గొలుసులో ఒక్కోదానికీ కారణం చెప్పేశాక మళ్ళీ మొత్తానికి కారణం అడగడం దేనికని. పోనీ కదలకుండా కదిలించేది ఒకటుందనే ఒప్పుకుందాం, అది బైబిల్ దేవుడే అని ఎలా?

రిప్లై 3:
మొదటిదానికి నా జవాబు, తాతకి కొడుకు, కొడుక్కి మనవడు లాంటి గొలుసుకి హ్యూమ్ మాట గట్టిగా తగులుతుంది, తాత పోయినా మనవడు ఉంటాడుగా. కర్రల గొలుసు అలా కాదు, ఏ కర్ర కదలికా దానిది కాదు, అన్నీ అరువే, అరువు ఇచ్చేవాడు లేకుండా అరువు ఎక్కడిది? నాకైతే ఇక్కడ అక్వినాసే గెలిచాడనిపిస్తుంది. రెండోది మాత్రం మీరన్నదే నిజం, ఈ వాదం ఒక్కటీ క్రీస్తు దాకా తీసుకెళ్ళదు, త్రిత్వం, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనేది, మనిషి బుద్ధికి సొంతంగా అందదని అక్వినాస్ కూడా ఒప్పుకున్నారు.

ప్రశ్న అడిగినవారికి, అక్వినాస్ కన్నా ముందువాడైన క్రైస్తవ తత్వవేత్త అన్సెల్మ్ వాదం కూడా చదవండి, దేవుడంటే ఇంతకన్నా గొప్పది ఊహించలేం అనేది, అది మనసులోనే ఉండి బయట లేకపోతే ఎలా అంటాడు. దాన్ని అక్వినాసే ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదో చూస్తే ఐదు మార్గాలు లోకం నుంచే ఎందుకు మొదలయ్యాయో తెలుస్తుంది.